పాట అడుగున నడిచే లావు తీగ

ఈ వారం పోస్టులో మినుము తెగులు లేదు, యూరియా లేదు, ధాన్యం రేటు లేదు. పాటల గురించి రాస్తున్నాను. పాట అంటే పాడినవాళ్ల గురించి కాదు, రాసినవాళ్ల గురించీ కాదు. ఆ పాట అడుగున లావు తీగల గిటారు ఒకటి మోగుతూ ఉంటుంది చూడండి, బేస్ గిటారు, దాని గురించి. చివరిదాకా చదవండి, ఇందులో మన చెవుల సంగతి కూడా ఉంది. అది మాత్రం యూరియా కంటే ముఖ్యమైన విషయమే.

ముందు అది ఏంటో చెబుతాను. మామూలు గిటారుకి ఆరు తీగలు, బేస్ గిటారుకి నాలుగు. తీగలు లావు, మెడ పొడుగు. దాని అన్నిటికన్నా కింది తీగని మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. మనకి అర్థమయ్యే లెక్కలో చెప్పుకుందాం. 1500 తిరుగుళ్ల మీద నడిచే ఒంటి సిలిండర్ ఆయిలింజన్ సెకనుకి పన్నెండున్నర సార్లు పేలుతుంది. అందుకే దాని "డుగ్ డుగ్" మనకి విడివిడిగా వినబడుతుంది. ఆ వేగం మూడింతలు పైచిలుకు పెంచితే విడి దెబ్బలు పోయి ఒకటే నిండు నాదం అవుతుంది. అదే బేస్ కింది తీగ. వేణువు, సన్నాయి, ఆడగొంతు ఇవన్నీ దానికి చాలా పైన తిరుగుతాయి.

ఇలాంటి అడుగు నాదం మనకేం కొత్త కాదండీ. మృదంగం ఎడమవైపు తొప్పి మీద తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు, ఎందుకు? బరువు పెరిగి నాదం కిందికి దిగాలని. బుర్రకథలో కథకుడు తంబుర పట్టుకుని ఆడుతూ పాడుతూ ఉంటే పక్కన వంతలు గుమ్మెట వాయిస్తారు. ఆ గుమ్మెట ఆపేసి కథ చెప్పమనండి, ఎంత గొప్ప కథకుడైనా పది నిమిషాల్లో జనం బీడీలకి లేచిపోతారు.

బేస్ గిటారు పుట్టిన కథ కూడా మనలాంటివాళ్లకి నచ్చుతుంది. అంతకుముందు ఈ పని చేసే వాయిద్యం నిలువెత్తు మనిషంత ఉండేది, నిలబడి వాయించాలి, మోసుకెళ్లడం నరకం. అమెరికాలో లియో ఫెండర్ అని ఒకాయన రేడియోలు రిపేరు చేసుకునే దుకాణం నడిపేవాడు. ఆయన 1951లో దాన్ని గిటారంత చేసి, కరెంటు పెట్టి, వీణకి ఉన్నట్టు మెట్లు వేసి బజారులోకి దించాడు. మెట్టు ఉంది కాబట్టి వేలు ఎక్కడ పెడితే ఆ స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. అంటే గురి తప్పనిది అని. తమాషా ఏంటంటే ఆయనకి గిటారు వాయించడం రాదు. పనిముట్టు తయారుచేసేవాడు వేరు, దాంతో దున్నేవాడు వేరు.

ఇంక నా సంగతి. నాకు 58 ఏళ్లు. ముప్పై ఏళ్ల పైన ట్రాక్టర్ మీదే బతుకు. దమ్ము చక్రాలు వేసి పొద్దున దిగితే చీకటి పడ్డాకే గట్టెక్కేది. దాని తర్వాత నూర్పిడి మిషను, ఆ తర్వాత తైవాన్ పంపు వీపున తగిలించుకుని పిచికారీ. గత రెండేళ్లుగా ఇంట్లో ఒకటే గొడవ. మా ఆవిడ చీర తెమ్మందో కీర తెమ్మందో తెలియదు. ఒకసారి నిజంగానే కీరకాయలు కిలో తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె నవ్విందో తిట్టిందో అదీ సరిగా వినబడలేదు. పిల్లలు పట్టుబట్టి పట్నం తీసుకెళ్లి చెవి పరీక్ష చేయించారు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు పెట్టి, ఒక్కో నాదం వినిపిస్తారు. వినబడితే మీట నొక్కాలి. చివర్లో ఒక గీత గీసిన కాగితం ఇస్తారు. నా కాగితంలో ఎడమ వైపు, అంటే కింది నాదాల దగ్గర, గీత చక్కగా చదును చేసిన మడిలా ఉంది. కుడివైపుకి వెళ్లేకొద్దీ, పై నాదాల దగ్గర, కాలవలోకి జారినట్టు దిగిపోయింది. డాక్టరుగారు చెప్పింది ఇదీ. మోత మీద బతికేవాళ్లందరికీ ముందు పోయేది 4000 చుట్టుపక్కల ఉన్న పై నాదాలే. సెకనుకి 4000 సార్లు ఊగేవన్నమాట. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉన్న చోట సన్నటి నూగులాంటి కణాలు ఉంటాయి. మోతకి అవి చచ్చిపోతాయి. వరి పైరులా మళ్లీ పిలకలు వెయ్యవు. పోయినవి పోయినట్టే.

మాటల్లో స, శ, చ, త, క లాంటి హల్లుల పదునంతా ఆ పై నాదాల్లోనే ఉంటుంది. అచ్చులు కిందనుంటాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది గానీ ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. చీర, కీర రెండూ ఒకటే అయిపోతాయి.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాక రెండు మూడు రోజులు నాకేం తోచలేదు. నేను పాటల పిచ్చోణ్ణి. మా ఇంట్లో ఇప్పటికీ రెండు అట్టపెట్టెల నిండా కేసెట్లున్నాయి. వేణువు సన్నబడిపోయింది, గజ్జెల మోత పోయింది, జానకమ్మ గొంతు చివర ఉండే ఆ మెరుపు పోయింది. మరి పాటలో నాకింక మిగిలింది ఏంటి అని కూర్చుని విన్నాను. మా అబ్బాయి పెద్ద డబ్బా స్పీకరు తెచ్చి పెట్టాడు. అప్పుడు అడుగునుంచి ఆ లావు తీగ లేచి వచ్చిందండీ. నా కాగితంలో చదునుగా ఉన్న మడి మొత్తం దానిదే. పైనున్నవి పలచబడ్డాయి కాబట్టి అది ఇంకా తేటగా వినబడింది.

ఇక్కడ అసలు మనిషి ఇళయరాజా. మన తెలుగోళ్లం ఆయన్ని సొంతం చేసుకున్నాం గానీ, ఆయన తమిళనాడులో పణ్ణైపురం అనే పల్లెలో పుట్టాడు. కుర్రతనంలో అన్న వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి కచేరీలు చేశాడు. తర్వాత మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారు దగ్గర పడమటి సంగీతం నేర్చుకున్నాడు. ఆయన స్వయానా గిటారు వాయిస్తాడు. 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాడు. ఆయన పద్ధతి ఏంటంటే, ఏ వాయిద్యం ఎక్కడ ఏ స్వరం పలకాలో మొత్తం ముందే కాగితం మీద రాసి ఇస్తాడు. వయొలిన్‌కి ఒక కాగితం, వేణువుకి ఒకటి, బేస్‌కి ఒకటి. అప్పట్లో అందరూ ఒక్కచోట కూర్చుని కలిసి వాయించేవాళ్లు. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటినుంచి.

మామూలుగా సినిమా పాటలో బేస్ చేసే పని చిన్నది. గిటారు ఏ స్వరగుంపు మీదుంటే దాని అడుగు స్వరం పట్టుకుని తాళానికి తగ్గట్టు నొక్కుతూ ఉండటం, అంతే. ఇంగ్లీషు సంగీతంలో ఆ అడుగు స్వరాన్ని వేరు అనే అంటారు. ఇళయరాజా ఆ వేరుకి కూడా పాట నేర్పాడు. గాయకుడు పైన ఒక వరస పాడుతుంటే బేస్ కింద ఇంకో వరస పాడుతుంది. ఈయన పైకెక్కుతుంటే అది మెట్టు మెట్టు దిగుతుంది. ఈయన ఊపిరి తీసుకోడానికి ఆగితే ఆ సందులో అది నాలుగు మాటలు అందుకుంటుంది. ఇద్దరూ చివర ఒకేచోట కలుస్తారు. మా నాన్న అరక దున్నేటప్పుడు కుడి ఎద్దు, ఎడమ ఎద్దు చూడండి, రెండిటి నడక ఒకటి కాదు, సాలు మాత్రం ఒకటే.

ఆ కాగితాన్ని అంత ప్రాణం పెట్టి వాయించినాయన పేరు శశిధరన్. శశి అంటారు. ఇళయరాజా పాటల్లో ఏళ్ల తరబడి బేస్ ఆయనదే. మా అట్టపెట్టెలో కేసెట్ల మీద హీరో హీరోయిన్ల బొమ్మలున్నాయి, పాడినవాళ్ల పేర్లున్నాయి, రాసినవాళ్ల పేర్లున్నాయి. నా దగ్గరున్న ఒక్క అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. బియ్యం బస్తా మీద మిల్లు పేరు ఉంటుంది, బ్రాండు పేరు ఉంటుంది. పండించినోడి పేరు ఉంటుందా? ఇదీ అంతే.

మనవాళ్లందరికీ తెలిసిన సినిమా చెబుతాను, 1989లో వచ్చిన 'గీతాంజలి'. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా, పాటలన్నీ వేటూరిగారివి. అందులో నాయకుడికీ నాయికకీ ఇద్దరికీ చావు దగ్గరలోనే ఉంటుంది. వాళ్లిద్దరూ దగ్గరయ్యే పాట, 'ఓం నమః', గుండె చప్పుడు మీద నడుస్తుంది. ఆ చప్పుడు కూడా అడుగు నాదమే. ఏ గుండె ఎప్పుడు ఆగుతుందో తెలియని ఇద్దరి మధ్య పాటకి ఆ గుండెనే తాళం చేశారు. ఫోన్లో వింటే అది ఏదో టిక్ టిక్‌లా ఉంటుంది. మంచి స్పీకర్లో వింటే మీ పక్కటెముకల కింద కొట్టుకుంటుంది. ఆ పాట అప్పుడు అర్థం అవుతుంది.

తర్వాత 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 1990. ఆ తుఫాను రోజుల్లో నీళ్లలో నడిచి హాలుకెళ్లి చూసినవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ పాటలు మళ్లీ వినండి. చిరంజీవినీ శ్రీదేవినీ కాసేపు పక్కన పెట్టి కిందేం జరుగుతోందో వినండి. రెహమాన్ పాటలు ఇష్టమైన కుర్రాళ్లకి ఇంకో పేరు చెబుతాను, కీత్ పీటర్స్. రెహమాన్ దగ్గర చాలా ఏళ్లు బేస్ వాయించిన మద్రాసు మనిషి ఆయనే. శశిది నిండుగా పారే కాలవ అయితే ఈయనది డ్రిప్పు. ఒక్కో చుక్క లెక్కగా, సరిగ్గా మొదట్లో పడుతుంది.

అమెరికా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ పోస్టు నిండదు. జేమ్స్ జేమర్సన్ అని ఒక నల్లజాతి ఆయన 1936లో పుట్టాడు, దక్షిణ కరోలినా అనే సముద్రపొడ్డు రాష్ట్రంలో. చిన్నప్పుడు కర్రకి రబ్బరు కట్టి, చీమల పుట్టలో గుచ్చి, మీటుతూ చీమల్ని ఆడించేవాడని చెబుతారు. పెద్దయ్యాక డెట్రాయిట్‌లో మోటౌన్ అనే పాటల కంపెనీలో బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు. ఆ వేలికి "కొక్కెం" అని పేరు పెట్టారు. తీగలు పాతబడినా మార్చేవాడు కాదు. ప్రపంచమంతా ఆయన వాయించిన పాటలకి చిందులేసింది, ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చాలా ఏళ్లపాటు ఆ కంపెనీ రికార్డుల మీద వాద్యగాళ్ల పేర్లే వెయ్యలేదు. 1971లో మార్విన్ గే తన 'వాట్స్ గోయింగ్ ఆన్' రికార్డు మీద ఆయన పేరు వేయించాడు. 1983లో ఆ కంపెనీ 25 ఏళ్ల పండగ చేసుకుంది. ఆ పండగకి ఈయన టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి బాల్కనీలో కూర్చుని చూశాడు. అదే ఏడాది ఆగస్టులో పోయాడు. 47 ఏళ్లు. అక్కడి పెద్ద సన్మానశాలలో ఆయన్ని చేర్చుకుంది 2000లో.

ఇది చదివి నేను చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. తన పంటతో జరిగే పండగకి తనే టిక్కెట్టు కొనుక్కోవడం అంటే ఏంటో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు కొంతమంది అడుగుతారు, "బేస్ అంటే మాకెందుకు తెలీదు బాబాయ్, పెళ్లిళ్లలో డీజే పెడితే గుండెలు అదురుతున్నాయిగా" అని. అది బేస్ వాయించడం కాదు నాయనా. ఆ డబ్బాలు అడుగు నాదం మొత్తాన్నీ ఒకటే "ధబ్ ధబ్" కింద కొట్టేస్తాయి. అందులో స్వరం ఎక్కడుంది, నడక ఎక్కడుంది? వరద వచ్చి చేలన్నీ ఏకమైతే దాన్ని తడి పెట్టడం అంటామా? ఇంకో వైపు ఫోను. ఫోను స్పీకరు వేలిగోరంత ఉంటుంది. అడుగు నాదం పలకాలంటే గాలిని గట్టిగా నెట్టాలి, అది దాని వల్ల కాదు. కింది నాదాన్ని అసలు బయటికే రానివ్వదు. మన బుర్ర ఎంత గొప్పదంటే, పైనున్న నాదాల లెక్క చూసి కింద ఏ స్వరం ఉండాలో అదే ఊహించుకుని పూరించుకుంటుంది. అందుకే ఫోన్లో విన్నా పాట పాటలాగే ఉంటుంది. కాకపోతే అది ఆకలితో ఉన్నవాడికి కూర వాసన చూపించడం లాంటిది.

అడుగు నాదానికి ఇంకో గుణం ఉంది. అది దూరం పోతుంది. సన్న నాదాల్ని గాలి తినేస్తుంది, చెట్ల ఆకులు మింగేస్తాయి, గోడలు ఆపేస్తాయి. లావు నాదం గోడ మూల తిరిగి మరీ వస్తుంది. పక్క ఊరి జాతరలో పాట ఏదో తెలియదు గానీ డప్పు మాత్రం మన మంచం దాకా వచ్చేది అందుకే.

వినడం ఎలాగో చెబుతాను. మీకు బాగా తెలిసిన పాత పాట ఒకటి తీసుకోండి. ఫోన్లో వద్దు. చిన్నదైనా అడుగు డబ్బా ఉన్న స్పీకరు చాలు, లేదా చెవులకి పెట్టుకునే డిప్పలు. సౌండు తక్కువ పెట్టండి. మొదటిసారి మామూలుగా వినండి. రెండోసారి పాడేవాళ్లని వదిలేసి, ఎడమ కాలుతో తాళం వేస్తూ, తాళంతో పాటు కింద "దుమ్" మని మోగేది పట్టుకోండి. ముందు డ్రమ్మూ బేసూ ఒకటే అనిపిస్తాయి. కాసేపటికి తేడా తెలుస్తుంది. డ్రమ్ము దెబ్బ అక్కడే ఆగిపోతుంది, బేస్ దెబ్బ పడ్డాక కూడా సాగుతుంది, పైకీ కిందికీ కదులుతుంది. మూడోసారి నోటితో దాంతో పాటు కూనిరాగం తియ్యండి. అది ఎక్కడ మౌనంగా ఉందో గమనించండి. చాలా పాటల్లో పల్లవి మొదట్లో అది ఉండదు. గాయకుడు ఒంటరిగా మొదలెడతాడు, రెండో పాదంలో బేస్ వచ్చి చేరుతుంది. ఆ చేరిన క్షణంలో పాటకి నేల దొరికినట్టు ఉంటుంది. ఒక్కసారి ఆ నేల తగిలితే ఇంక మీరు ఏ పాటనీ పాతలాగా వినలేరు.

ఇప్పుడు చెవుల సంగతి. ఇది దయచేసి కుర్రాళ్లు చదవండి. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు దాటి ఉండకూడదని లెక్క. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే టైము సగానికి తగ్గిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలే. క్యాబిన్ లేని ట్రాక్టర్ మీద బరువు పని చేస్తుంటే ఆ గీత దాటడం పెద్ద పనేం కాదు. మీ పక్కన నిలబడ్డవాడితో గట్టిగా అరిస్తే గానీ మాట అందడం లేదంటే దాటేసినట్టే. పని దిగి ఇంటికొచ్చాక చెవిలో కీచురాయి మోగుతుంటే అది చెవి పెట్టే మొర. మందుల షాపులో నురుగు బిరడాలు దొరుకుతాయి, వేళ్లతో నలిపి చెవిలో పెట్టుకుంటే అవే ఉబ్బి సరిపోతాయి. ఖరీదు టీ నీళ్ల ఖర్చు. ట్రాక్టరు, నూర్పిడి మిషను, తైవాన్ పంపు, చెట్లు కోసే రంపం, డీజే పక్కన నిలబడటం, అన్నిటికీ పెట్టుకోండి. దూది పెట్టుకుంటే చాలదు. వినికిడి తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటుంటే పరీక్ష చేయించుకోండి. మిషను పెట్టుకోవడం నామోషీ కాదు. కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ అనుకుంటున్నామా?

నేను పోయిన నెల నుంచి చెవి మిషను పెట్టుకుంటున్నాను. మా ఆవిడ మాటల్లో చ వచ్చింది, క వచ్చింది. వేణువు కూడా కొంచెం వచ్చింది, పూర్తిగా కాదు. కీచురాళ్లు ఇంకా రాలేదు, వస్తాయన్న నమ్మకమూ లేదు. పాటలు వినేటప్పుడు మాత్రం ఒక్కోసారి మిషను తీసి పక్కన పెడతాను. పైనున్న మెరుపులన్నీ ఆరిపోయి, అడుగున శశి ఒక్కడే నడుస్తూ ఉంటాడు. నాలుగు తీగలు, తొందర లేని నడక. ముప్పై ఏళ్ల ట్రాక్టరు మోత కూడా ఆయన్ని నా దగ్గర్నుంచి తీసుకెళ్లలేకపోయింది.

మీకు ఏ పాటలో ఆ లావు తీగ బాగా తగిలిందో కింద రాయండి. సినిమా పేరు చాలు, వెతుక్కుని వింటాను. కొత్తగా ట్రాక్టర్ ఎక్కిన కుర్రాడు మీ ఇంట్లో ఉంటే, ముందు వాడి జేబులో ఒక జత బిరడాలు వెయ్యండి.